ముద్ర మీద గండభేరుండం... ముంగిట్లో ఎలుగుబంటి!

మాస్కో నగరం. 1700 ప్రాంతం. ఎముకలు కొరికే చలి. ఫ్యోదర్ రొమొదానొవ్‌స్కీ అనే ప్రభువు గారింట్లో విందు. బండి దిగి, కోటు మీది మంచు దులుపుకొని లోపలికి అడుగుపెట్టిన అతిథికి ముందుగా ఎదురయ్యేది ఇంటాయనా కాదు, ఇంటావిడా కాదు. ఎలుగుబంటి! వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లతో వోడ్కా గ్లాసు పట్టుకొని ‘పుచ్చుకోండి’ అన్నట్టు చూస్తుంటుంది. అది మామూలు వోడ్కా అయినా బాగుండేది. మిరియాలు దట్టించిన ఘాటు సరుకు. తాగితే సరే... మొహమాటపడి వద్దన్నవాడి టోపీ, విగ్గు, ఒక్కోసారి కోటు కూడా ఎలుగు చేతిలోకి వెళ్లిపోయేవని చెబుతారు. అందుకే పెద్దపెద్ద దొరలు కూడా కళ్లవెంట నీళ్లు కారుతున్నా గుటుక్కున మింగేసి లోపలికి నడిచేవారట.

ఆ ఇంటాయన సామాన్యుడు కాదు. పీటర్ చక్రవర్తికి కుడిభుజం. 1697లో పీటర్ పశ్చిమ ఐరోపా యాత్రకు వెళ్తూ మాస్కోను కనిపెట్టుకోమని అప్పగించిన వాళ్లలో ముఖ్యుడు. రాజద్రోహం కేసులన్నీ విచారించే ప్రెయొబ్రజెన్‌స్కీ కార్యాలయానికి అధిపతి. చిత్రహింసల గదులన్నీ ఆయన చేతికింద ఉండేవి. చక్రవర్తే సరదాకి ఆయనకు ‘యువరాజ సీజరు’ అని బిరుదిచ్చి, ఉత్తరాల్లో ‘మహాప్రభో’ అని సంబోధించేవాడు. అలాంటి ఇంటికి వెళ్లినవాడు గ్లాసు పట్టుకున్న ఎలుగును చూసి ఎక్కువ భయపడేవాడో, లోపల కూర్చున్న ఎలుగును చూసి ఎక్కువ భయపడేవాడో ఊహించుకోవచ్చు.

రష్యా అనగానే ప్రపంచానికి గుర్తొచ్చే జంతువు ఎలుగుబంటే. పత్రికల్లో కార్టూన్ వెయ్యాలన్నా, క్రికెట్ వ్యాఖ్యాత సామెత చెప్పాలన్నా రష్యా అంటే ఎలుగు. తీరా ఆ దేశపు రాజముద్ర చూస్తే అందులో ఎలుగు జాడే ఉండదు! ఉన్నది రెండు తలల గద్ద. మన శిల్పాల్లో కనిపించే గండభేరుండ పక్షికి దూరపు చుట్టంలా ఉంటుంది. మూడో ఇవాన్ పాలనలో, 1497 నాటి ఓ రాజముద్రిక మీద అది మొదటిసారి కనిపిస్తుంది. జార్లు నాలుగు వందల ఏళ్లకు పైగా దాన్నే వాడుకున్నారు. 1917 విప్లవం తర్వాత సుత్తీ కొడవలీ వచ్చి దాన్ని తీసేశాయి. 1993లో యెల్త్సిన్ మళ్లీ తెచ్చి పెట్టాడు. ఇన్ని మార్పుల్లో ఒక్కసారి కూడా ఎలుగు దేశపు ముద్రకు ప్రధాన గుర్తు కాలేదు.

ముద్ర మీద ఒకటి, జనం నోట్లో ఒకటి ఉండటం కొత్తేమీ కాదు. మనకూ అశోకుడి స్తంభం మీద సింహాలు, జాతీయ జంతువేమో పులి. కానీ పులిని ఎన్నుకున్నది మనం. రష్యావాళ్లకు ఎలుగును తగిలించింది మాత్రం బయటివాళ్లు. ఎలా తగిలించారన్నదే అసలు కథ.

పేరు చెప్పకూడదు!

ఇంతకీ ఎలుగుకు రష్యన్లు పెట్టుకున్న పేరేమిటి? ‘మెద్వేద్’. అంటే తేనె తినేది. ‘మ్యోద్’ అంటే తేనె. మన ‘మధు’వుకు తోబుట్టువు. అయితే ఇది ఆ జంతువు అసలు పేరు కాదు. అడవిలో దాని అసలు పేరు పలికితే ఎదురుగా వచ్చి నిలబడుతుందని పూర్వపు స్లావుల భయం. అందుకే ‘తేనె తినేది’ అని చాటుగా చెప్పుకొన్నారు. మన పల్లెల్లో రాత్రిపూట పామును పాము అనకుండా ‘పురుగు’ అంటారు చూడండి... అచ్చం అలాగే. అనగా అనగా చాటుమాటే అసలు మాటైపోయింది. అసలు పేరు పూర్తిగా మరుగున పడిపోయింది.

ఆ పోయిన పేరు ఆనవాలు ఎక్కడ దొరుకుతుందో తెలుసా? సంస్కృతంలో! ‘ఋక్షం’. జాంబవంతుణ్ని ఋక్షరాజు అంటాం కదా, ఆ ఋక్షం. గ్రీకులో ‘ఆర్క్టోస్’, లాటిన్‌లో ‘ఉర్సుస్’ దీని అన్నదమ్ములే. ఉత్తర ధ్రువానికి ఆర్కిటిక్ అనే పేరు కూడా ఆ ఎలుగు మాట నుంచే వచ్చింది. నెత్తిమీద ఎలుగు చుక్కల గుంపున్న దిక్కు అని. మనం వాటినే సప్తర్షులంటాం. ప్రపంచంలోని గోధుమరంగు ఎలుగుల్లో సగం దాకా తిరిగే దేశం దాని పేరు పోగొట్టుకుంటే, ఆ రకం ఎలుగు హిమాలయాల్లో తప్ప కనిపించని మన దేశంలో ఆ పేరు భద్రంగా ఉందన్నమాట. 2008 నుంచి 2012 దాకా రష్యా అధ్యక్షుడిగా ఉన్న మెద్వేదేవ్ ఇంటిపేరులో ఉన్నది కూడా ఈ తేనె తినేదే.

పేరు చెప్పడానికి భయపడినవాళ్లే ముద్దుపేర్లకు లోటు చెయ్యలేదు. మిషా, మిఖాయిల్ పొతాపిచ్, తొప్తీగిన్... కథల్లో ఎలుగును మనిషిలా, అదీ తండ్రి పేరు కలిపి గౌరవంగా పిలుస్తారు. మనం ‘మామ’ అని పిలిచి కథ మొదలుపెట్టినట్టు.

అతిథులు మోసుకెళ్లిన కథలు

1525లో మాస్కో పాలకుడు మూడో వసీలీ పంపిన రాయబారి ద్మీత్రి గెరాసిమొవ్ రోముకు వెళ్లాడు. అక్కడ పావోలో జోవియో అనే పండితుడు ఆయన్ని కూర్చోబెట్టి మీ దేశం సంగతులు చెప్పమన్నాడు. గెరాసిమొవ్ సరదా మనిషిలా ఉన్నాడు, ఓ కథ చెప్పాడు. వాళ్ల పక్క ఊరి రైతు తేనె కోసం పెద్ద చెట్టు తొర్రలోకి దూకాడు. గుండెల దాకా తేనెలో కూరుకుపోయాడు. అరిచినా వినేవాళ్లు లేరు. రెండు రోజులు ఆ తేనే తిని బతికాడు. ఇక ఆశ వదులుకొనే వేళకు ఓ ఎలుగు కూడా తేనె కోసమే వచ్చి, చెట్టెక్కి, వెనకనుంచి తొర్రలోకి దిగింది. రైతు దాని నడుము గట్టిగా పట్టుకొని పెద్ద కేక పెట్టాడు. అది హడలిపోయి ఒక్క గెంతులో బయటికి దూకింది. దాంతోపాటు ఇతనూ బయటపడ్డాడు!

నమ్మాలా వద్దా అన్నది పక్కనపెడదాం. జోవియో దాన్ని లాటిన్‌లో రాసి అచ్చేశాడు. చదువుకున్న ఐరోపా అంతా చదివింది. తర్వాత ఆస్ట్రియా రాయబారి హెర్బర్‌స్టయిన్ రెండుసార్లు మాస్కో వెళ్లొచ్చి 1549లో ఓ పెద్ద పుస్తకం ప్రచురించాడు. అందులోనూ ఎలుగులే. కరకు చలికాలంలో ఆకలికి ఆగలేక అడవులు వదిలి ఊళ్ల మీద పడి ఇళ్లు పగలగొట్టాయని, రైతులు పారిపోయి చలికి చచ్చిపోయారని రాశాడు. అప్పటికి రష్యా గురించి అంత వివరంగా రాసిన పుస్తకం పశ్చిమ ఐరోపాలో మరొకటి లేదు. తర్వాత రాసినవాళ్లంతా అందులోంచే ఎత్తి రాశారు. పటాలు గీసేవాళ్లకూ పని తేలికైంది. ఆ దిక్కున ఏముందో తెలియకపోతే ఓ ఎలుగును గీసేస్తే సరి.

ఇక ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ పంపిన రాయబారి జైల్స్ ఫ్లెచర్. 1588-89లో మాస్కోలో ఉన్నాడు. అప్పటి జారు ఫ్యోదర్ మెతక మనిషి, దైవభక్తుడు. ఆయనకూ పండగపూట ఓ కాలక్షేపం ఉండేదట. గోడకట్టిన వలయంలోకి ఎలుగును వదులుతారు. ఎదురుగా ఈటె పట్టుకొని ఒక్కడే మనిషి. పారిపోయే దారి ఉండదు. ఎలుగు నోరు తెరుచుకొని రెండు కాళ్ల మీద మీదికొస్తుంది. వాడు ఈటె మొదలును పాదానికి ఆనించి, మొనను దాని ముందు కాళ్ల మధ్య గుండెకు గురిపెట్టాలి. గురి తప్పితే అంతే. గెలిచినవాడికి బహుమానం ఏమిటనుకున్నారు? జారు గారి సారాయి కొట్టు గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, ప్రభువు పేరు చెప్పి తప్పతాగే అవకాశం!

ఫ్లెచర్ 1591లో ఇవన్నీ పుస్తకంగా వేస్తే, రష్యాతో వ్యాపారం చేసే లండన్ వర్తకులే గోలపెట్టి దాన్ని ఆపించారు. జారుకు కోపమొస్తే బేరాలు పోతాయని వాళ్ల భయం. తమాషా ఏమిటంటే ఆ రోజుల్లో లండన్‌లోనూ నాటకశాలల పక్కనే ఎలుగును గుంజకు కట్టేసి కుక్కల్ని ఉసిగొల్పే ఆటస్థలాలు ఉండేవి. దొరసానులూ దొరలూ టిక్కెట్టు కొనుక్కొని చూసేవారు. అయినా ‘ఎలుగుల దేశం’ అన్న పేరు ఇంగ్లండుకు రాలేదు, రష్యాకే వచ్చింది. షేక్‌స్పియర్ కూడా ‘మాక్‌బెత్’లో భయంకరమైన మృగం అని చెప్పాల్సి వచ్చినప్పుడు రష్యా ఎలుగునే తలుచుకున్నాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ రాయబారులకు రష్యాలో కనిపించిందెంత? జారు కోట, బొయార్ల లోగిళ్లు, విందులు, వినోదాలు. పొలంలో దున్నుకొనే రైతుతో వాళ్లకు మాటామంతీ లేదు. ప్రభువు ముంగిట్లో గొలుసుతో కట్టేసి ఉన్నదాన్ని చూసి, అదే దేశం అనుకొని వెళ్లిపోయారు.

ఒక ఎలుగుకు నిషేధం... ఇంకో ఎలుగుకు వోడ్కా

ప్రభువుల ఎలుగు ఒకటైతే పేదవాడి ఎలుగు ఇంకొకటి. స్కొమొరోహులని సంచార కళాకారులుండేవారు. ఊరూరా తిరిగి డప్పు కొట్టి, పాటలు పాడి, ఎలుగును ఆడించి పొట్టపోసుకొనేవారు. నడుం నొప్పి ఉన్నవాళ్లు బోర్లా పడుకొని వీపు మీద ఎలుగు చేత నడిపించుకొనేవారు, నొప్పి పోతుందని. మన ఊళ్లలోకీ ఎలుగును పట్టుకొచ్చేవారు గుర్తుందా? పిల్లాడికి భయం పోవాలని దాని వీపు మీద ఎక్కించడం, వెంట్రుక పెట్టి తాయెత్తు కట్టించడం... ఆ నమ్మకానికి సరిహద్దుల్లేవు.

1640ల్లో వోల్గా తీరాన ఓ పల్లెలో అవ్వకూమ్ అనే చర్చి పూజారి ఉండేవాడు. ఆట దేవుడికి విరుద్ధమని ఆయన పట్టుదల. స్కొమొరోహులు ఊళ్లోకి రాగానే ఒంటరిగా మీదపడి డప్పులు విరగ్గొట్టాడు. వాళ్ల దగ్గరున్న రెండు పెద్ద ఎలుగుల్లో ఒకదాన్ని బడితెతో కొట్టి పడేశాడు, తర్వాత అది తేరుకుందట. రెండోదాన్ని పొలంలోకి వదిలేశాడు. ఇదంతా ఆయనే తన ఆత్మకథలో గొప్పగా రాసుకున్నాడు. ఆ తర్వాత జరిగిందే అసలు విషయం. వోల్గా మీద పడవలో కజాన్ గవర్నరుగా వెళ్తున్న షెరెమెత్యెవ్ ప్రభువుకు ఈ సంగతి తెలిసింది. పూజారిని పడవలోకి పిలిపించి చీవాట్లు పెట్టాడు. పైగా గడ్డం గీయించుకున్న ఆయనగారి అబ్బాయిని దీవించనని అవ్వకూమ్ మొండికేశాడు. దాంతో నదిలోకి విసిరేయమన్నాడు ప్రభువు!

1648లో జారు అలెక్సేయ్ స్వయంగా ఆజ్ఞ జారీచేశాడు. స్కొమొరోహుల్ని పిలవకూడదు, ఎలుగుల్ని ఆడించకూడదు, వాద్యాలన్నీ విరగ్గొట్టి తగలబెట్టాలి. వినకపోతే బెత్తాల దెబ్బలు. యాభై ఏళ్లు తిరిగేసరికి అదే మాస్కోలో రొమొదానొవ్‌స్కీ ఎలుగు వోడ్కా పోస్తోంది. దాని జోలికి వచ్చిందెవరు?

ఆజ్ఞలున్నా ఊళ్లలో ఎలుగాట పూర్తిగా పోలేదు. చివరికి 1866 డిసెంబరులో ప్రభుత్వం మళ్లీ గట్టిగా నిషేధించింది. అయిదేళ్లు గడువిచ్చింది. జంతువు మీద జాలితో చేసిన చట్టమే. కాదనలేం. మరి ఆ ఎలుగుల గతేమిటి? అడవిలోకి వదిలితే బతకవు. సొంత యజమానులే చంపెయ్యాలి. వ్సెవొలోద్ గార్షిన్ అనే రచయిత 1883లో ‘ఎలుగులు’ అని ఓ కథ రాశాడు. గడువు ముగిసిన రోజున నాలుగు జిల్లాల నుంచి సంచార జాతులవాళ్లు తమ ఎలుగుల్ని ఓ చిన్న పట్నానికి తోలుకొస్తారు. ఊరు ఊరంతా తమాషా చూడ్డానికి పోగవుతుంది. ఓ ముసలాయన ముందుకొచ్చి తన ఎలుగుతో మాట్లాడతాడు. నువ్వే మాకు తిండి పెట్టావు, చలిలో నీ పక్కనే పడుకున్నాం, నా బిడ్డల్ని సాకావు... క్షమించమంటాడు. తర్వాత తుపాకులు పేలతాయి. రష్యన్ సాహిత్యంలో ఎలుగుల కథలు ఎన్నో ఉన్నా, ఎలుగును ‘వాడుకున్న’వాడు దాని ముందు తలవంచిన కథ ఇదొక్కటే అనిపిస్తుంది. ఆ తలవంచినవాడు ప్రభువు కాకపోవడం గమనించాలి.

జమీందారు గారి సరదాలు

ప్రభువులు ఎలుగుతో ఏం చేసేవారో ఆ ప్రభువుల ఇళ్లలో పుట్టిన రచయితలే రాసిపెట్టారు. పుష్కిన్ 1832-33లో రాసి అసంపూర్ణంగా వదిలేసిన నవల ‘దుబ్రోవ్‌స్కీ’. అందులో త్రొయెకూరొవ్ అనే జమీందారు ఉంటాడు. ఎలుగు పిల్లల్ని పెంచడం ఆయన సరదా. ఖాళీ సారా పీపాకు మేకులు దిగేసి వాటి ముందు దొర్లిస్తాడు. అవి వాసన చూసి కాలు వేస్తాయి, గుచ్చుకుంటుంది, కోపమొచ్చి ఇంకా గట్టిగా తోస్తాయి, ఇంకా గుచ్చుకుంటుంది. జమీందారు పడీపడీ నవ్వుతాడు. ఒక్కోసారి రెండు ఎలుగుల్ని బండికి కట్టి, ఇష్టమున్నా లేకున్నా అతిథుల్ని ఎక్కించి వదిలేస్తాడు.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైన ఆట ఇంకోటుంది. ఖాళీ గదిలో ఆకలిగొన్న ఎలుగును గోడ కడియానికి తాడుతో కడతారు. తాడు దాదాపు గదంత పొడవు. ఎదురు మూల ఒక్కటే అందకుండా మిగులుతుంది. కొత్తగా వచ్చిన అతిథిని ఆ గదిలోకి నెట్టి తలుపేసేస్తారు. కోటు చిరిగి, ఒళ్లు గీరుకుపోయి, చివరికి ఆ మూల ఎక్కడుందో వాడే వెతుక్కోవాలి. గోడకు అతుక్కుపోయి, రెండడుగుల దూరంలో గుర్రుమంటున్న జంతువును చూస్తూ కొన్నిసార్లు మూడేసి గంటలు నిలబడాలి! ఓ రోజు ఫ్రెంచి మాస్టారి వేషంలో వచ్చిన కథానాయకుడు ఏమాత్రం కంగారుపడకుండా జేబులోంచి పిస్తోలు తీసి ఎలుగు చెవిలో కాల్చేస్తాడు. త్రొయెకూరొవ్‌కు ఎలుగు పోయినందుకు బాధేమీ లేదు. మాస్టారు మగాడేనని మెచ్చుకుంటాడు.

ఇదే త్రొయెకూరొవ్ అంతకుముందు పొరుగునున్న పేద ప్రభువు మీద కోపమొచ్చి, కోర్టువాళ్లను మంచి చేసుకొని అతని ఎస్టేటు మొత్తం రాయించుకుంటాడు. ఆ పొరుగాయన పిచ్చెక్కి చనిపోతాడు. ఆయన కొడుకే ఈ ఫ్రెంచి మాస్టారు. తాడు పొడవు ఎంతుండాలో నిర్ణయించే హక్కు ఒక్కడిదే అయినప్పుడు గదిలో ఎలుగున్నా, మనిషున్నా తేడా ఏముంది?

టాల్‌స్టాయ్ ‘యుద్ధము-శాంతి’లో ఇదే సరదా రాజధానికి చేరుతుంది. పీటర్స్‌బర్గులో పియెర్, దోలొఖొవ్, అనతోల్ అనే ముగ్గురు కుర్ర దొరలు తాగిన మైకంలో ఓ ఎలుగును బండిలో వేసుకొని షికారు బయల్దేరతారు. వారించబోయిన పోలీసు అధికారిని పట్టుకొని, ఎలుగుకు వీపు వీపు కలిపి కట్టి, మోయ్‌కా కాల్వలోకి తోసేస్తారు. ఎలుగు ఈదుతుంటుంది, పైన పోలీసు! శిక్షలు పడతాయి. దోలొఖొవ్ హోదా పోతుంది, పియెర్‌ని మాస్కో పంపేస్తారు. మాస్కోలో రొస్తొవ్ గారి సావిట్లో ఈ కబురు చెప్పుకొంటారు. పోలీసాయన్ని అతికష్టం మీద బయటికి తీశారట అని ఒక్క ముక్కలో తేల్చేసి అంతా పగలబడి నవ్వుతారు. ఆ సావిట్లో ఉన్నవాళ్లంతా మంచివాళ్లే. టాల్‌స్టాయ్‌కి వాళ్లంటే ప్రేమే. అయినా ఆ నవ్వును దాచకుండా రాశాడు.

ఆయనకూ ఎలుగుతో లెక్క ఉంది మరి. 1858 డిసెంబరు. టాల్‌స్టాయ్ ప్రభువుకు ముప్పయ్యేళ్లు. వేటంటే ప్రాణం. చలికాలం ఎలుగు గుహలో నిద్రపోతుంది కదా, ఆ గుహ జాడ రైతులు కనిపెట్టి దొరలకు చెప్పి డబ్బు తీసుకొనేవారు. చుట్టూ మంచులో కాపుకాసి లేపి చంపేవారు. ఆ రోజు టాల్‌స్టాయ్ కాల్చాడు, తూటా దవడకు తగిలింది కానీ ఎలుగు పడలేదు. నేరుగా మీదికొచ్చి కిందపడేసి మొహాన్ని నోట కరుచుకుంది. నుదుటి మీద, కంటి కింద చర్మం ఊడివచ్చింది. తోడు వెళ్లిన వేటగాడు కేకలేస్తూ పరుగెత్తుకు రాకపోతే ‘అన్నా కరెనినా’ లేదు, ‘యుద్ధము-శాంతి’ లేదు. అతను అరుస్తూ రావడంతో ఎలుగు వదిలేసి అడవిలోకి పోయింది. తర్వాత మరో వేటగాడి చేతిలో చచ్చింది. ఈ అనుభవాన్ని టాల్‌స్టాయ్ తర్వాత పిల్లల కోసం చిన్న కథగా రాశాడు. ఎక్కడా గొప్పలు పోలేదు. మరికొన్నేళ్లకు వేట మానేశాడు, మాంసం కూడా మానేశాడు.

ఇలా పుష్కిన్, టాల్‌స్టాయ్ కథల్లో ప్రభువు పక్కన నిలబడిన ఎలుగు, 1861లో బానిస రైతుల విముక్తి జరిగాక ఏకంగా ప్రభువు కుర్చీలోనే కూర్చుంది. 1860ల్లో నెక్రాసొవ్ రాసిన ‘జనరల్ తొప్తీగిన్’ అనే హాస్య కవితలో ఎలుగును ఆడించేవాడు తాగడానికి దిగుతాడు. గుర్రాలు బెదిరి ఎలుగుతో సహా బండిని లాక్కుపోతాయి. బండి ఆగిన మజిలీలో బండ్ల అధికారి లోపల బొచ్చు కోటుతో, గుర్రుమంటూ కూర్చున్న ఆకారాన్ని చూసి, జనరల్ గారికి కోపమొచ్చిందని వణికిపోతూ దండాలు పెడతాడు. జనరల్‌కీ ఎలుగుకీ తేడా పోల్చుకోలేకపోయాడు పాపం!

సాల్టికోవ్-షెడ్రిన్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఆయనా ప్రభువుల బిడ్డే. రెండు జిల్లాలకు వైస్ గవర్నరుగా చేసినవాడు, లోగుట్టు తెలిసినవాడు. 1884లో రాసిన ఆయన కథలో మృగరాజు సింహం ఓ అడవికి తొప్తీగిన్ అనే ఎలుగును గవర్నరుగా పంపుతుంది. వచ్చీరాగానే భారీ నెత్తురు కాండ జరిపించి చరిత్రకెక్కాలని దాని ఆశ. తాగి నిద్రపోతే ఓ పిట్ట మీద వాలుతుంది. మత్తులో దాన్ని మింగేస్తుంది. ‘గవర్నరు గారు వచ్చి చేసిన ఘనకార్యం పిట్టను తినడమట’ అని అడవంతా నవ్విపోస్తుంది. ఉద్యోగం ఊడుతుంది. తర్వాత వచ్చిన ఎలుగును రైతులు ఈటెలతో పొడుస్తారు. మూడోది తెలివైంది. ఏమీ చెయ్యకుండా గుహలో పడుకొని తన వాటా తిని కాలక్షేపం చేస్తుంది. చివరికి దానికీ ఈటెపోటే. సెన్సారు వాళ్లు ఈ కథను రచయిత బతికుండగా రష్యాలో అచ్చు కానివ్వలేదు. వాళ్లకు బాగానే అర్థమైంది!

అంటే పందొమ్మిదో శతాబ్దంలో ఎలుగు అంటే ఎవరు అన్న ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. లండన్‌లో అడిగితే ‘రష్యా’. రష్యాలో అడిగితే ‘మా దొర’.

లండన్ జవాబే ప్రపంచానికి చేరింది. చేర్చింది పత్రికలు. ‘పంచ్’ వారపత్రికలో క్రిమియా యుద్ధం నుంచీ రష్యా అంటే ఎలుగే. 1878లో రెండో ఆఫ్ఘన్ యుద్ధం మొదలైనప్పుడు టెనియల్ గీసిన కార్టూన్ ప్రసిద్ధం. మధ్యలో ఆఫ్ఘన్ అమీరు షేర్ అలీ బిక్కుబిక్కుమంటూ... అటు ఎలుగు, ఇటు బ్రిటిష్ సింహం. ఇద్దరూ స్నేహితులమే అంటారు. ఇద్దరి కళ్లూ అతని వెనకున్న దారి మీదే. ఆ దారి హిందూస్థానానికి. కార్టూన్‌లో మనం ఎక్కడా కనిపించం కానీ కొట్లాట మాత్రం మన గురించే.

1898లో జారు రెండో నికొలాయ్ ఆయుధాలు తగ్గించుకుందామని దేశాలన్నిటికీ ప్రతిపాదన పంపాడు. ఆ ఏడే కిప్లింగ్ ఓ పద్యం రాశాడు. చూపు పోయి, మొహం ఛిద్రమైన ఓ ముసలి బిచ్చగాడు వేటగాళ్లకు చెప్పే కథ అది. తుపాకీ గురిపెడితే ఎలుగు రెండు కాళ్ల మీద లేచి దండం పెడుతున్నట్టు నిలబడిందట. జాలేసి తుపాకీ దించాడట. అది దగ్గరికొచ్చి ఒక్క దెబ్బతో మొహం చీల్చేసిందట. ‘రష్యా దండాన్ని నమ్మకండి’ అన్నది కిప్లింగ్ హెచ్చరిక. తన దేశపు సింహం మాట ఆయన ఎత్తలేదు.

1917 నవంబరులో ఒక్క ఉత్తర్వుతో ప్రభువుల బిరుదులన్నీ రద్దయ్యాయి. ఎస్టేట్లు పోయాయి. దొరలు కొందరు చచ్చిపోయారు, కొందరు పారిస్ వెళ్లి టాక్సీలు నడిపారు. ఎలుగు మాత్రం నిలిచింది. సర్కస్‌లో సైకిల్ తొక్కింది, చాక్లెట్ కాగితం మీద కనిపించింది. 1980 మాస్కో ఒలింపిక్స్‌కు విక్తర్ చీజికొవ్ అనే బొమ్మల రచయిత గీసిన ‘మిషా’గా మారి ఇంటింటికీ చేరింది. అయిదు ఉంగరాల బెల్టు పెట్టుకొని నవ్వే పిల్ల ఎలుగు. గోళ్లు లేవు, కోరలు లేవు. ప్రపంచం తగిలించిన పేరును రష్యన్లు తామే అందుకొని మెడలో వేసుకోవడం అక్కడే మొదలైంది. సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తాన్‌లోకి వెళ్లాయని అమెరికా, మరెన్నో దేశాలు ఆ ఒలింపిక్స్‌కు రాలేదు. మనం వెళ్లాం, హాకీలో స్వర్ణం తెచ్చుకున్నాం. ఆగస్టు 3న ముగింపు వేళ భారీ మిషా బొమ్మను బెలూన్లు కట్టి ఆకాశంలోకి వదిలితే స్టేడియంలో ఏడవనివాళ్లు లేరంటారు. విశాలాంధ్ర దుకాణాల్లో సోవియట్ తెలుగు పుస్తకాలు కొనుక్కున్న తరానికి మిషా పరిచయం అక్కర్లేదు.

1999లో మాస్కోలో ఓ కొత్త రాజకీయ వేదిక పుట్టింది. దాని పొడవాటి పేరులోని అక్షరాలు ఏరుకుంటే ‘మెద్వేద్’ అని వచ్చేలా పెట్టుకున్నారు. అదే తర్వాత ‘యునైటెడ్ రష్యా’ పార్టీలో కలిసింది. ఆ పార్టీ గుర్తు ఎలుగు. పుతిన్ 2014 డిసెంబరు విలేకరుల సమావేశంలో ఈ పోలికను పూర్తిగా సొంతం చేసుకున్నాడు. ఎలుగు బుద్ధిగా కూర్చుని తేనె తింటూ ఉంటే వదిలేస్తారా అని తనే ప్రశ్న వేసుకొని, వదలరు, గొలుసు వెయ్యాలనే చూస్తారు, గోళ్లూ పళ్లూ పీకేస్తారు, చివరికి గడ్డి కూరిన బొమ్మను చేస్తారు అన్నాడు. గోళ్లూ పళ్లూ అంటే అణ్వాయుధాలని కూడా విడమరిచి చెప్పాడు. క్రిమియాను కలుపుకొన్న ఏడాది అది. ఉక్రెయిన్ మీదికి పూర్తిస్థాయి యుద్ధానికి 2022లో వెళ్లాడు. గొలుసు వేసిందీ, పళ్లు పీకిందీ, గడ్డి కూరిందీ ఎక్కువగా సొంత ఊరి దొరలే అన్న సంగతి ఆ సమావేశంలో ఎవరూ ఎత్తలేదు. అన్నట్టు, ఎలుగును జాతీయ జంతువుగా చెప్పుకొనే దేశం రష్యాను ఆనుకొనే ఉంది... ఫిన్లాండు. 1809 నుంచి 1917 దాకా జార్ల ఏలుబడిలో ఉన్న దేశం అది!

మాస్కోలో ఖమోవ్నికి అనే చోట టాల్‌స్టాయ్ ఇల్లుంది. 1882లో కొన్నాడు. 1921 నుంచి మ్యూజియం. పెద్ద గదిలో పియానో కింద ఓ ఎలుగు తోలు పరిచి ఉంటుంది. 1858 వేట నాటిదేనంటారు. దానికంటే ముందు మెట్లెక్కగానే ఇంకొకటి కనిపిస్తుంది. గడ్డి కూరిన చిన్న ఎలుగు. ప్రభువుల ఇళ్లలో అప్పట్లో అది మామూలే. వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లతో పళ్లెం పట్టుకొని ఉంటుంది. అందులో వోడ్కా ఉండదు. వచ్చినవాళ్లు తమ పేరు రాసిన చీటీ వేసి వెళ్లడానికి పెట్టిన పళ్లెం అది.